బొబ్బిలి కోటను ముట్టడించింది ఇంగ్లీషువాళ్ళు కాదు

ఏటా జనవరి వచ్చేసరికి ఫోన్లలో ఒక పోస్టు తిరుగుతుంది. "1757లో బ్రిటిష్ సేనాని బుస్సీని ఎదిరించి బొబ్బిలి వీరులు చేసిన తొలి స్వాతంత్ర్య పోరాటం ఇది. విజయనగరం రాజు ద్రోహం వల్లే ఆంధ్ర దేశం ఇంగ్లీషువాళ్ళ పాలైంది" అని దాని సారాంశం. బొబ్బిలి పేరు వింటే నాకూ ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే ఈ తప్పులు చూసి ఊరుకోలేకపోతున్నాను.

మొదటిది, బుస్సీ బ్రిటిష్ సేనాని కాదు. ఫ్రెంచివాడు, మన పాత మాటలో పరాసువాడు. నిజాం సలాబత్ జంగ్ 1753లో తన కొలువులోని ఫ్రెంచి సైన్యం ఖర్చులకని కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను, అంటే శిస్తు వసూలయ్యే జిల్లాలను, వాళ్ళకి రాసిచ్చాడు. ఆ శిస్తుల కోసమే బుస్సీ ఉత్తరాంధ్ర దాకా వచ్చాడు. ఇంగ్లీషువాళ్ళు అప్పుడు విశాఖపట్నంలో ఒక వర్తక స్థావరంతో ఉన్నారు. బొబ్బిలి పడిన ఐదు నెలలకి, అదే ఏడాది జూన్‌లో, ఆ విశాఖను కూడా వాళ్ళ చేతిలోంచి లాక్కున్నది ఈ బుస్సీయే.

"తొలి స్వాతంత్ర్య పోరాటం" అన్న మాట కూడా అతకదు. అది రెండు పక్కపక్క సంస్థానాల పగ. విజయనగరం రాజు పెద విజయరామరాజు ఫ్రెంచివాళ్ళతో చేతులు కలిపి, వాళ్ళ ఫిరంగులను బొబ్బిలి మీదికి తెచ్చాడు. తాతల నాటి గడ్డ వదిలి వేరేచోటికి పొమ్మంటే బొబ్బిలి రాజు రంగారావు ఒప్పుకోలేదు. జనవరి 24న కోట ఇక నిలవదని తెలిశాక, లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లలనీ తమ చేతులతోనే చంపుకుని, చివరిదాకా పోరాడి చనిపోయారు. పరాయివాడి చేతికి చిక్కకూడదన్న ఆ పంతానికి వేరే బిరుదు అక్కర్లేదు.

ఇక ద్రోహం సంగతి. విజయరామరాజు చేసింది తప్పే, కాని అతను చేయి కలిపింది ఫ్రెంచివాళ్ళతో. యుద్ధం జరిగిన కొద్ది రోజులకే గుడారంలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. ఇంగ్లీషువాళ్ళని పిలిచింది అతని వారసుడు ఆనంద గజపతి. ఫ్రెంచివాళ్ళతో చెడి, 1758లో విశాఖ నుంచి వాళ్ళని తరిమి, సాయం కోసం కబురు పెట్టాడు. మద్రాసులోని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ముందుకు రాలేదు. బెంగాల్ నుంచి క్లైవ్ మాత్రం కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడారు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ రాత్రివేళ దాడి చేసి మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్ళకి సాయంగా బయల్దేరిన సలాబత్ జంగ్ అది చూసి ఇంగ్లీషువాళ్ళతోనే ఒప్పందం చేసుకున్నాడు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, మరుసటి ఏడాది సలాబత్ జంగ్ తర్వాత నిజామైన నిజాం అలీతో ఒప్పందం, దాంతో సర్కార్లు కంపెనీవయ్యాయి. గుంటూరు మాత్రం 1788 దాకా ఆగింది.

అంటే మన నేల మీద ఇంగ్లీషువాళ్ళకి దారి వేసింది ఫ్రెంచివాళ్ళతో వాళ్ళకున్న పోటీ, ఆ పోటీలో మన రాజులు మార్చిన పక్షాలు. పోస్టులో బుస్సీని బ్రిటిష్‌వాడిగా మార్చగానే ఈ కథంతా మాయమైపోతుంది.

కంపెనీ మీద తెలుగువాళ్ళ యుద్ధమే కావాలంటే 1794 జులై 10 ఉంది. పేష్కష్, అంటే కట్టాల్సిన కప్పం, బకాయిల దగ్గర కంపెనీతో తగవు ముదిరి, భీమునిపట్నం దగ్గర పద్మనాభంలో వాళ్ళ సైన్యానికి ఎదురు నిలిచి చనిపోయిన చిన విజయరామరాజు, ఈ పోస్టు ద్రోహులన్న ఆ విజయనగరం ఇంటివాడే.