పొగమంచు బంగళా మాకెందుకు, లంకలో మండువా లోగిలి ఉండగా

పాతకాలపు హత్యారహస్య నవలలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. అందుకే ఈమధ్య చదివిన ఒక తెలుగు నవలలో, కోనసీమ కొబ్బరితోటల నడుమ ఫైర్‌ప్లేస్ ఉన్న బంగళా, తెల్ల చేతితొడుగుల బట్లరు, జూలై నెలలో దట్టమైన పొగమంచు ఎదురయ్యేసరికి పుస్తకం మూసి పక్కన పెట్టవలసి వచ్చింది. ధనుర్మాసంలో మా వైపు మంచు కురుస్తుంది గాని జూలైలో మంచేమిటి? పైగా అంతమందీ ఆ ఇంట్లో చిక్కుకుపోవడానికి చెప్పిన కారణం కారు చెడిపోవడం; గేటు దాటితే ఆటో దొరికే చోట అది ఏమంత కారణం!

ఈ తరహా కథకు ప్రాణం భవనపు భయంకరత్వంలో లేదు, బయటికి దారి లేకపోవడంలో ఉంది. అగాథా క్రిస్టీ 1939 నాటి నవలలో పదిమందిని డెవన్ తీరం దగ్గరి దీవిలో బంధించినప్పుడు, ఆ ఇంటిని చీకటి మూలలు లేని, వెలుతురు నిండిన కొత్త కట్టడంగానే చూపింది. భయమంతా రాని పడవలోనే ఉంది.

ఆ రాని పడవ సంగతి గోదావరి పాయల నడుమ దీవుల్లాంటి మా లంకలవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అది దానికి రెట్టింపు, సుమారు 35 లక్షలకు చేరింది. కాజ్‌వే మునిగి, కరెంటు పోయి, చుట్టాలతో నిండిన మండువా ఇంటిలో ఆ రోజుల్లో ఒక హత్య జరిగిందనుకోండి. సాయంత్రం కొబ్బరిచెట్టుకు నడుమెత్తున కట్టిన పడవతాడు ముడి తెల్లారేసరికి నీటి అడుగున ఉంటే, రాత్రి నీరు ఎక్కాక పడవను ఎవరూ తీయలేదని అర్థం. ముడి నీటికి పైన ఉంటే ఎవరో వెళ్లి వచ్చారన్నమాట. వరద తీశాక గచ్చు మీద పరుచుకున్న ఒండ్రు సంగతీ అంతే: పడిన కుర్చీని లేపి చూస్తే, అది నీళ్లు రాకముందు పడిందో తరువాత పడిందో దాని కింది మట్టే చెబుతుంది. పాఠకుడి కళ్లెదుటే ఉండి అతడు దాటిపోయే ఆధారమంటే ఇదీ.

మండువా ఇంటితో రచయితకు కష్టం లేకపోలేదు. గదులన్నీ నడిమి వాకిట్లోకే తెరుచుకుంటాయి కనుక ఒకరి కంటబడకుండా ఒక గది నుంచి మరో గదికి పోవడం అసాధ్యం. అయితే ఆ అసాధ్యాన్ని విప్పడమే కదా ఇక్కడి పని. పెంకుల మీద వాన హోరుకు అరుపు వినపడదు. ఇక అటక మీది దెయ్యాన్ని చివరికి హంతకుణ్ణి చేయకూడదని ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లోనే ఇలాంటి కథలకు పెట్టిన పది నియమాలలో రాసిపెట్టాడు. రహస్యమార్గం కూడా ఒకటికి మించకూడదన్నాడు. మన సీరియళ్లవాళ్లు ఈ రెండూ గోడకు అంటించుకుంటే బాగుండును.

బట్లరు లేకపోతే ఎలాగంటారా, కాఫీ గ్లాసులు అందించడానికి మా ఇళ్లలో పెద్దత్తయ్యగారు ఉంటారు; రాత్రి ఎవరి పక్క నలగలేదో ఆవిడకు తెల్లవారకముందే తెలుస్తుంది.