ఫ్రెంచి బట్టల పేర్లు ఇంగ్లిషులో ఉన్నవున్నట్టే సరిపోతాయా?

ఫ్యాషన్ గురించి మాట్లాడే చోటల్లా ఒక వాదం తిరుగుతూ ఉంటుంది. ఇంగ్లిషులో బట్టల పేర్లు సగానికి సగం ఫ్రెంచివే కాబట్టి ఫ్రెంచి కేటలాగును ఇంగ్లిషులోకి మార్చడానికి అనువాదకుడు దండగ అని. తెలిసిన పేర్లు ఫ్రెంచిలోనే ఉంచాలి, అదే గొప్పగా ఉంటుంది, తెలియనివి నిఘంటువులో చూడాలి, సైజులకు పట్టిక ఉండనే ఉంది, మిగతాది యంత్రం చూసుకుంటుంది. వినడానికి బాగానే ఉంది. ఒక్కో మాటా విప్పి చూస్తే మాత్రం నిలవదు.

మొదటిది, పదం ఒకటే అయితే వస్తువూ ఒకటే అన్న నమ్మకం. ఫ్రాన్సులో ‘రోబ్’ అంటే ఆడవాళ్లు వేసుకునే గౌను, ఇంగ్లిషువాళ్ల డ్రెస్. ఇంగ్లిషులో రోబ్ అంటే స్నానం చేశాక ఒంటికి చుట్టుకునేది. జడ్జీల నల్ల గౌను దగ్గర మాత్రం రెండు భాషలూ కలుస్తాయి. ‘కోస్త్యూమ్’ అంటే ఆఫీసుకో పెళ్లికో మగవాళ్లు వేసుకునే సూటు. దాన్ని కాస్ట్యూమ్ అని రాస్తే ఇంగ్లిషు పాఠకుడికి నాటకాల వేషం కళ్లముందుకొస్తుంది. ‘స్లిప్’ ఫ్రెంచిలో మగవాళ్ల డ్రాయరు. ఇంగ్లిషులో అదే స్పెల్లింగుకి ఆడవాళ్లు పల్చటి డ్రెస్ లోపల వేసుకునే పెట్టీకోట్ లాంటిదని అర్థం. మగవాళ్ల కాటన్ స్లిప్పులు అని కేటలాగులో పడితే కొనేవాడు నవ్వుకుని పేజీ మూసేస్తాడు.

‘శమీజ్’ అని ఫ్రెంచివాళ్లు మామూలు చొక్కాని అంటారు. ఇంగ్లిషులోకి వెళ్లేసరికి అది ఆడవాళ్ల లోదుస్తు అయింది. మన బట్టల షాపుల్లో ఆడపిల్లలకి కొనే షిమ్మీ దాని వారసురాలే. ‘బ్లూజ్’ అనగానే ఫ్రెంచివాడికి ముందు గుర్తొచ్చేది డాక్టరు తెల్లకోటు, లేదా పనిచేసేటప్పుడు బట్టల మీద తొడుక్కునే అంగీ. ఇంగ్లిషువాళ్ల బ్లౌజుకి అక్కడ ‘శమీజియే’ అన్న వేరే మాట ఉంది. మనం కూడా తక్కువ తినలేదు. చీర మీదికి కుట్టించుకునేదాన్ని జాకెట్ అంటాం, చలికి వేసుకునే కోటునీ జాకెట్ అంటాం.

‘క్యులోత్’ కథ వీటన్నిటికంటే పెద్దది. 18వ శతాబ్దంలో అది దొరలు మోకాళ్ల వరకు తొడిగే బిగుతు లాగు. ఫ్రెంచి విప్లవ కాలంలో పొడుగు ప్యాంట్లు వేసే పారిస్ శ్రామిక జనాన్ని ‘సాన్-క్యులోత్’లు అన్నారు, అంటే ఆ దొరల లాగు లేనివాళ్లని. ఇవాళ ఫ్రెంచిలో క్యులోత్ అంటే ఆడవాళ్ల లోపలి డ్రాయరు. ఇంగ్లిషులో క్యులాట్స్ అంటే ప్యాంటులా రెండు కాళ్లుగా చీలిన స్కర్టు. ఇవాళ్టి అర్థం పట్టుకుని చరిత్ర పుస్తకం అనువదిస్తే విప్లవకారులకి ఏ గతి పడుతుందో చెప్పక్కర్లేదు.

బట్టరకాల పేర్లకు వస్తే ఉచ్చు ఇంకా లోతు. మన చీరల వల్ల షిఫాన్ అందరికీ తెలుసు. ఫ్రాన్సులో ‘షిఫో’ అంటే బల్లలు తుడిచే పాతగుడ్డ. మనం షిఫాన్ అనేదాన్ని వాళ్లు ‘ముస్లీన్’ అంటారు, పట్టుదైతే ‘ముస్లీన్ ద స్వా’. ఇంగ్లిషు మస్లిన్ మళ్లీ నూలుబట్ట. అంటే ‘రోబ్ ఆన్ ముస్లీన్’ అని ఉన్నదాన్ని అక్షరాలు చూసి మారిస్తే, పార్టీకి వేసుకెళ్లే షిఫాన్ గౌను కాస్తా నూలు స్నానపు అంగీగా మారుతుంది. రెండే పదాలు, రెండూ ఇంగ్లిషులో ఉన్నవే, రెండూ తప్పే.

‘త్వాల్’ (గుడ్డ, కాన్వాస్) అన్న మాటతో మనకు దగ్గరి సంబంధం ఉంది. కోరమండల్ తీరం నుంచి యూరపుకు వెళ్లిన అద్దకపు నూలుబట్టల్ని ఫ్రెంచివాళ్లు ‘ఆందియెన్’ అనీ, ‘త్వాల్ పాంత్’ అనీ పిలిచారు. మచిలీపట్నంలో వాళ్ల వర్తక స్థావరం 1669లోనే మొదలైంది. ఈ బట్టలకు గిరాకీ ఎంత పెరిగిందంటే, సొంత పట్టు, ఉన్ని పరిశ్రమ దెబ్బతింటుందని 1686లో ఫ్రాన్సు ప్రభుత్వం నిషేధం పెట్టింది. అది 1759 దాకా సాగింది. ఎత్తేసిన మరుసటేడే ఓబెర్‌కాంఫ్ అనే ఆయన వెర్సాయ్ దగ్గర్లోని జుయీలో అద్దకం కర్మాగారం పెట్టాడు. అక్కడ అద్దిన బొమ్మల గుడ్డకే ‘త్వాల్ ద జుయీ’ అన్న పేరు. ‘త్వాల్ పాంత్’ని మాటకి మాట మారిస్తే రంగులేసిన కాన్వాస్ అవుతుంది, అంటే గోడకి తగిలించే బొమ్మ. నిజానికి అది మన కలంకారీకి చుట్టం, ఇంగ్లిషులో చింట్జ్. ఇక బ్రిటన్ దర్జీ గదిలో త్వాల్ అంటే అసలు బట్ట కోసే ముందు చవక గుడ్డతో కుట్టి చూసుకునే నమూనా. అమెరికాలో ఆ నమూనా పేరు మస్లిన్. అమెరికన్ ఇళ్ల అలంకరణలో త్వాల్ అంటే జుయీ మార్కు డిజైను.

వాదంలో రెండో తప్పు ఇక్కడే బయటపడుతుంది. ‘ఇంగ్లిషులోకి’ అంటున్నారు సరే, ఏ ఇంగ్లిషులోకి? ఫ్రెంచి ‘బ్రెతెల్’ ప్యాంటు జారకుండా భుజాల మీదుగా వేసుకునే పట్టీలైతే లండన్‌లో బ్రేసెస్, న్యూయార్క్‌లో సస్పెండర్స్. లండన్‌లో సస్పెండర్స్ అంటే ఆడవాళ్ల మేజోళ్లను పట్టి ఉంచే క్లిప్పులు. మెడ చుట్టూ మడతపడే కాలరు ‘కోల్ రూలే’ లండన్‌లో పోలో నెక్, న్యూయార్క్‌లో టర్టిల్ నెక్. లేబుల్ మీద ‘ఎలాస్తాన్’ (సాగే దారం) అని ఉంటే బ్రిటన్‌కి ఎలాస్టేన్, అమెరికాకి స్పాండెక్స్.

2018 నవంబరులో ఫ్రాన్సులో మొదలైన పసుపు కోట్ల ఉద్యమాన్నే చూడండి. ‘జిలే జోన్’ అంటే 2008 నుంచి ప్రతి కారులో ఉంచుకోవాల్సిన, దూరం నుంచి మెరిసే చేతుల్లేని కోటు. ఇంగ్లిషు పత్రికలు ఎక్కువగా యెల్లో వెస్ట్స్ అని రాశాయి. ఉత్త వెస్ట్ అంటే బ్రిటన్‌లో బనియన్, అమెరికాలో సూటు లోపలి చేతుల్లేని కోటు. ఫ్రెంచిలో ‘వెస్త్’ అంటే పూర్తి చేతుల జాకెట్టు. ఇంగ్లిషులో జిలే అంటే దూది నింపిన చేతుల్లేని కోటు, ఫ్రెంచిలో అదే జిలే ముందు గుండీలుండే స్వెటరు కూడా కావచ్చు. ఇక్కడ అనువాదకుడిని కాపాడేది పక్కనున్న ఫొటో ఒక్కటే.

నిఘంటువు చూస్తే చాలన్నారు. ‘ప్యే ద పూల్’ అంటే కోడిపెట్ట కాలు. ఇంగ్లిషువాళ్లకి అదే గళ్ల డిజైనులో వేటకుక్క పన్ను కనిపించింది, హౌండ్స్‌టూత్ అన్నారు. ‘కోల్ క్లోదిన్’ అనే గుండ్రటి చిన్న కాలరుకి ఫ్రెంచిలో కొలెత్ నవలల నాయిక పేరు పెట్టారు. అమెరికాలో 1905లో పీటర్ పాన్ నాటకంలో నటి మాడ్ ఆడమ్స్ వేసుకున్న కాలరు వల్ల దానికి పీటర్ పాన్ కాలర్ అన్న పేరు స్థిరపడింది. విడివిడి మాటలు వెతికేవాడు క్లోదిన్ దగ్గర ఆగిపోతాడు.

ఫ్రెంచి మూలం, ఇంగ్లిషు నకలు అన్నది కూడా సగమే నిజం. ఇంగ్లిషు రైడింగ్ కోట్ ఫ్రాన్సుకి వెళ్లి ‘రెదాంగోత్’ అయి, ఆ వేషంలోనే ఇంగ్లిషులోకి తిరిగొచ్చింది. కుట్టి సిద్ధంగా అమ్మే బట్టలకు వాడే ‘ప్రెతా పోర్తే’ అమెరికన్ల రెడీ టు వేర్‌కి ఫ్రెంచి అనువాదం. 1966లో ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ ఆడవాళ్లకి తెచ్చిన ‘స్మోకింగ్’ (రాత్రి విందులకి వేసుకునే సూటు) మాట ఇంగ్లిషుదే, కానీ ఇంగ్లిషులో స్మోకింగ్ జాకెట్ అంటే ఇంట్లో వేసుకునే వెల్వెట్ కోటు. ఫ్రెంచి స్మోకింగ్‌కి అమెరికాలో టక్సీడో అనాలి, బ్రిటన్‌లో డిన్నర్ జాకెట్. పారిస్ హోత్ కుత్యూర్‌కి (ఒక్కొక్కరి కొలతలకి చేత్తో కుట్టే ఖరీదైన ఫ్యాషన్‌కి) ఆద్యుడిగా చెప్పే చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ కూడా ఇంగ్లండులో పుట్టినవాడే.

ఫ్రెంచిలోనే ఉంచితే గొప్పగా ఉంటుందన్న మాటలో కొంత నిజముంది. బెరె టోపీ, క్రేప్ డి షీన్ పట్టుబట్ట లాంటి పేర్లు కదిలించనక్కర్లేదు. హోత్ కుత్యూర్‌ని అయితే కదిలించకూడదు కూడా. 1945 నుంచి ఫ్రాన్సులో ఆ పేరుకి చట్టబద్ధమైన రక్షణ ఉంది, గుర్తింపు పొందిన సంస్థలే వాడుకోవాలి. ఖరీదైన డ్రెస్ ప్రతిదానికీ ఆ మాట తగిలించే ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సైజుల సంగతి. ‘తాయ్’ అంటే సైజూ అవుతుంది, నడుమూ అవుతుంది. ‘తాయ్ ఓత్’ అంటే పెద్ద సైజు అనుకుంటే పొరపాటు, అది నడుము పైదాకా వచ్చే ప్యాంటు. చెప్పులకి తాయ్ అనరు, ‘ప్వాంత్యూర్’ అంటారు. ఆడవాళ్ల బట్టల్లో ఫ్రెంచి 38 సాధారణంగా బ్రిటన్‌లో 10, అమెరికాలో 6. చెప్పుల్లో ఫ్రెంచి అంకె ఒకటి పెరిగితే సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, ఇంగ్లిషు అంకె ఒకటి పెరిగితే అంగుళంలో మూడో వంతు. ఈ మెట్లు ఒకదానికొకటి సరిగ్గా ఆనవు. అందుకే ఆ పట్టికల్లో అరసైజులు కనిపిస్తాయి, ఒక కంపెనీ పట్టికకీ ఇంకో కంపెనీ పట్టికకీ పొంతన ఉండదు.