నూతనారంభాలకు సాహిత్యం హానికరం

శుభారంభాల వేళ పెట్టే పాటల్లో మాటలను ఎవరూ వినకూడదని చట్టం చేయవలసిన సమయం ఆసన్నమైందని ఎంతో బాధ్యతతో మనవి చేస్తున్నాను. ఇంతకాలం ప్రజలు ఈ నియమాన్ని స్వచ్ఛందంగానే పాటిస్తూ వచ్చారు. ఇప్పుడు ఫోన్ తెర మీద పాటతో పాటు సాహిత్యమూ కదులుతుండటంతో, చదువు వచ్చినవారికి ముప్పు ముంచుకొచ్చింది.

డిసెంబరు 31 అర్ధరాత్రి దేశదేశాల్లో జనం చేతులు కలిపి పాడే ‘ఆల్డ్ లాంగ్ సైన్’నే తీసుకోండి. ఒక ముసలాయన నోట విని రాసుకున్నానంటూ స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1788లో ఒక పాటల సంకలనానికి పంపిన ఈ పాటలో కొత్త సంవత్సరం ఊసే లేదు. ఇద్దరు పాత స్నేహితులు చిన్ననాటి సంగతులు తలచుకుని, ఎవరి గ్లాసు వారే కొనుక్కుని తాగుతారు. (మన వైపు ఈ ఒక్క ఏర్పాటుకే స్నేహాలు చెడతాయి.) ఇదే బాణీని జపాన్ దుకాణాల్లో ‘కట్టేసే వేళయింది, ఇక దయచేయండి’ అని సూచించడానికి మోగిస్తారు. డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ ముగించిన కేడెట్లు దీనికే నెమ్మదిగా కవాతు చేస్తూ ‘అంతిమ్ పగ్’ (చివరి అడుగు) దాటి అధికారులవుతారు. ఆరంభానికీ ముగింపుకూ ఒకే పాట ఇంత నిక్షేపంగా సరిపోతోందంటే, దాని అర్థం ఎవరికీ తెలియకపోవడమే కారణం.

స్వీడన్ పాప్ బృందం ‘అబ్బా’ 1980లో విడుదల చేసిన ‘హ్యాపీ న్యూ ఇయర్’ పాటలో శీర్షిక ఒక్కటే హ్యాపీ. షాంపేన్ అయిపోయి, బాణసంచా చల్లారిన తరువాతి దిగులుతో పాట మొదలవుతుంది. ఐర్లాండ్ రాక్ బృందం యూ2 వారి 1983 నాటి ‘న్యూ ఇయర్స్ డే’ అయితే ఆ రోజున ఏదీ మారదని మొహం మీదే చెప్పేస్తుంది. దాన్ని జనవరి 1న జిమ్‌లో ఏడాది చందా కట్టే వరుసలో వినిపిస్తే యజమాని గతేం కాను?

ఇంత చెప్పినా, మాట వినకుండా పాట వినే విద్యలో మనదే అగ్రస్థానం. ‘నా ఆటోగ్రాఫ్’ (2004) కోసం చంద్రబోస్ రాయగా కీరవాణి బాణీలో చిత్ర పాడిన ‘మౌనంగానే ఎదగమని’ పాటను కోచింగ్ సెంటర్ కొత్త బ్రాంచి ప్రారంభోత్సవంలో విని తీరాలి. నిలువెత్తు బాక్సుల మోతకు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు షట్టరు దడదడలాడుతుంది. పక్కన టీ కొట్టువాడు ‘చక్కెర వేయాలా వద్దా’ అని సైగలతో అడుగుతాడు. ఎదిగినకొద్దీ ఒదగాలని ఆ పాట బోధిస్తుండగా, ఒదిగే ఉద్దేశం ఏ కోశానా లేని కరస్పాండెంటుగారు మూడంతస్తుల ఫ్లెక్సీలో నమస్కరిస్తూ ఉంటారు. విద్యార్థుల ఫొటోలు ఆయన మోచేతి కింద, పోస్టల్ స్టాంపులంత సైజులో కనిపిస్తాయి.

సాహిత్యం విన్నవాడి పరిస్థితి మరీ ఘోరం. ‘పట్టుదల’ (1992) కోసం సిరివెన్నెల రాసిన ‘ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి’ని అక్షరాలా పాటించే అభ్యర్థి ఒకడుంటే, డిపాజిట్ గల్లంతైన సాయంత్రం కూడా రీకౌంటింగు కోరుతూ కౌంటింగు కేంద్రం గేటు ముందు కూర్చుంటాడు, అతని పార్టీవారు మాత్రం పాట విని ఈల వేసి ఇంటికి పోతారు.

మన పెద్దలు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి, గృహప్రవేశానికైనా పెళ్లికైనా మాటల్లేని సన్నాయినే ఏర్పాటు చేశారు. తాళి కట్టే క్షణాన పురోహితుడు ‘గట్టిమేళం’ అని చెయ్యి ఊపగానే, ఏ అపశకునపు మాటా చెవిన పడకుండా డోలు దద్దరిల్లుతుంది. సరిగ్గా ఆ సమయంలో పక్కన నిలబడ్డ మేనమామ తన చెవిలో ఏమన్నాడో ఏ పెళ్లికూతురికీ ఈనాటికీ తెలియదు.