రికార్డులో ‘పురుషుడు’, కడుపులో బిడ్డ

అమెరికాలో 32 ఏళ్ల వ్యక్తి ఒకరు విపరీతమైన కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చాడు. ఇంట్లో చేసుకున్న పరీక్షలో గర్భం అని వచ్చిందన్నాడు. తాను ట్రాన్స్ పురుషుడినని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై పురుషుడిగా బతుకుతున్నవాడినని కూడా నర్సుకు చెప్పాడు. కంప్యూటర్‌లో మాత్రం ‘పురుషుడు’ అని ఉంది. లావుగా ఉన్నాడు, బీపీ మందులు మానేశాడు, అంత తొందరేమీ లేదనుకున్నారు. కొన్ని గంటలు గడిచాక పరీక్షిస్తే బొడ్డుతాడు కిందికి జారిపోయి ఉంది. బిడ్డ దక్కలేదు. 2019లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వైద్యులే రాసిన కేసు ఇది.

ఆ నర్సు మనసులో ద్వేషం ఉందని నేననుకోను. అతను నోటితో చెప్పిన మాట కన్నా తెర మీది ఒక్క పదం బరువైపోయింది. నన్ను కలవరపెట్టేది అదే. బ్రిటన్‌లో చాలా ఏళ్లపాటు, రికార్డును ‘పురుషుడు’గా మార్పించుకున్న వాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు రమ్మనే ఉత్తరం రావడం ఆగిపోయేది. ‘స్త్రీ’గా మార్పించుకున్న ట్రాన్స్ మహిళలకేమో, ఆ అవయవమే లేకపోయినా, ఉత్తరం వచ్చేది.

ఇక డాక్టర్ గది దాకా చేరినవాళ్ల సంగతి. ట్రాన్స్ పురుషులు పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ వాడితే నెలసరి ఆగిపోతుంది కాబట్టి గర్భం రాదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. నెలసరి ఆగినా అండం విడుదల కావచ్చు, గర్భం నిలవచ్చు. పైగా ఆ హార్మోన్ పిండానికి హాని చేస్తుంది. అంటే గర్భనిరోధకాల గురించి ముందుగా మాట్లాడాల్సింది వీళ్లతోనే. పిల్లలు కావాలనుకునే వాళ్లు అండాలు దాచుకోవచ్చనీ, హార్మోన్ ఆపి గర్భం దాల్చినవాళ్లూ ఉన్నారనీ మందు మొదలుపెట్టకముందే తెలియాలి. వీర్యం భద్రపరచుకోవడం గురించి ట్రాన్స్ మహిళలకూ అప్పుడే చెప్పాలి. జననాంగ శస్త్రచికిత్స అయ్యాక కూడా సాధారణంగా ప్రోస్టేట్ గ్రంథి వాళ్ల ఒంట్లో ఉండిపోతుందన్నది మరిచిపోకూడదు.

గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్షనే తీసుకోండి. టెస్టోస్టెరాన్ వల్ల యోని లోపలి పొర పలచబడుతుంది, పరీక్ష నొప్పి పెడుతుంది. తీసిన నమూనా పనికిరాక మళ్లీ రమ్మనే సందర్భాలూ ట్రాన్స్ పురుషులకే ఎక్కువ. గైనిక్ ఓపీ బెంచీ మీద గడ్డం ఉన్న మనిషి ఒంటరిగా కూర్చుంటాడు. పాత పేరు గట్టిగా పిలుస్తారు. అతను లేవగానే హాల్లో తలలన్నీ తిరుగుతాయి. ఎన్నో నెలలు ధైర్యం కూడగట్టుకుని వచ్చినవాడికి చివర్లో ‘మళ్లీ రండి’ అంటే ఎందుకొస్తాడు? ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్షకు నమూనా ఎవరికి వారే తీసుకునే పద్ధతి ఉంది. దాన్ని అడగకముందే వాళ్ల చేతికివ్వాలి.

అమెరికాలోనే రాబర్ట్ ఈడ్స్ అనే ట్రాన్స్ పురుషుడికి అండాశయ క్యాన్సర్ వస్తే, ఒకరి తర్వాత ఒకరుగా డాక్టర్లు చూడబోమన్నారు. ఎవరో ఒకరు ఒప్పుకునేసరికి జబ్బు ముదిరిపోయింది. 1999లో చనిపోయాడు.

చట్టాలు ఇంతకన్నా కఠినంగా ఉండేవి. లింగ గుర్తింపు మార్చుకోవాలంటే సంతానశక్తి వదులుకోవాలని స్వీడన్ 1972 నుంచి 2013 దాకా షరతు పెట్టింది. అలాంటి షరతు చెల్లదని జపాన్ సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో తేల్చింది. అబార్షన్ హక్కుపై 2022 తీర్పులో ‘మహిళ’ అన్న మాట కిందికి, సురక్షిత గర్భస్రావం అవసరమయ్యే ఇతరులు కూడా వస్తారని భారత సుప్రీంకోర్టు స్పష్టంగా రాసింది. ఇవి గట్టి మాటలే, కానీ ఓపీ కౌంటర్ దాకా వాటంతట అవి నడిచి రావు.

అక్కడ కావాల్సింది రికార్డులో రెండు వేర్వేరు గడులు. ఒకదాంట్లో మనిషి తానెవరని చెబితే అది. రెండోదాంట్లో ఒంట్లో ఏ అవయవాలున్నాయో, ఏవి తీసేశారో. ‘మీకు గర్భసంచి ఉందా, ఆపరేషన్ అయిందా?’ అన్న ప్రశ్న తలుపు వేసి, గొంతు తగ్గించి, వచ్చిన ప్రతి మనిషినీ అడగాలి. చెప్పిన జవాబును కంప్యూటర్‌లో ఉన్నదానికన్నా ముందు నమ్మాలి.