సంతకం పడకముందే లెక్క చదివే సంస్థ ఒకటి మనకీ కావాలి

పుణెలో ప్రయాస్ అని ఒక ట్రస్టు ఉంది, లాభాపేక్ష లేనిది, అందులో ఎనర్జీ గ్రూప్ అని కరెంటు మీదే పనిచేసే ఒక విభాగం ఉంది. వాళ్లు ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న డబ్బా. ఇంట్లో మామూలు ప్లగ్గులో పెడితే చాలు, నిమిషానికోసారి ఓల్టేజీ ఎంతుందో రాసుకుంటుంది, కరెంటు ఎప్పుడు పోయింది ఎప్పుడొచ్చింది అన్నీ నమోదు చేసి, లోపలున్న సిమ్‌తో ఆ డేటా పంపించేస్తుంది. దేశమంతా ఊళ్లలో, పట్నాల్లో కొన్ని వందల చోట్ల వీటిని పెట్టి, వచ్చిన లెక్కల్ని ఎవరైనా చూసుకునేలా నెట్‌లో పెట్టారు.

ఇందులో అంత విశేషం ఏముంది అంటారేమో. ఊరికి ఎన్ని గంటలు కరెంటు ఇచ్చారన్న లెక్క మామూలుగా సబ్‌స్టేషన్‌లో, అక్కణ్ణుంచి ఊళ్లకి కరెంటు మోసే 11 కేవీ ఫీడర్ లైను దగ్గర తీస్తారు. ఫీడర్ ఆన్‌లో ఉంటే ఊరికి కరెంటు ఉన్నట్టే. కానీ దాని కింద ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నాలుగు రోజులు కొత్తది రాకపోతే, ఆ నాలుగు రోజుల చీకటి ఆ లెక్కలో ఎక్కడా కనబడదు. సాయంత్రం ఏడింటికి అందరూ లైట్లూ ఫ్యాన్లూ వేశాక 230 ఉండాల్సిన ఓల్టేజీ 170కి పడిపోయినా అంతే, కరెంటు ఉందనే రాస్తారు. 170లో ఫ్యాను ఎలా తిరుగుతుందో చూసినవాళ్లకి తెలుసు, రెక్కలు లెక్కపెట్టొచ్చు, ఇక బోరు మోటారైతే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది, రైతు దాన్ని బయటికి తీయించి రివైండింగ్‌కి పట్టుకెళ్లాలి, పైరు ఎండుతుంటుంది, ఆ ఖర్చు ఏ సబ్సిడీ లెక్కలోకీ రాదు. ఊరివాళ్లు కరెంటు సరిగ్గా రావట్లేదంటే ఆఫీసులో ఇస్తున్నాం కదా అంటారు. అదే వాళ్ల చేతిలో నెల రోజుల గ్రాఫ్ ఉంటే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఎనర్జీ, సుస్థిర అభివృద్ధి అని పనిచేసే సంస్థలు మన దేశంలో చాలానే ఉన్నాయి. 1974లో టాటా ఎనర్జీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైన టెరి అందరికీ తెలిసిందే, చమురు ఒలికిన నేలని బాగుచేసే బ్యాక్టీరియా నుంచి గ్రీన్ బిల్డింగులకిచ్చే ‘గృహ’ అనే రేటింగ్ దాకా వాళ్లు చేసిన పని పెద్దది. 2070కి నెట్ జీరో అని 2021లో గ్లాస్గోలో మన ప్రధాని ప్రకటించాక ఆ దారి ఎలా ఉండాలి అనే రిపోర్టులు కూడా బోలెడు వచ్చాయి. అవి అక్కర్లేదని నేననను. కానీ 2070 గురించి రాసేవాళ్లు దొరికినంత తేలిగ్గా వచ్చే ఏడాది టారిఫ్ గురించి పేజీ పేజీ చదివి ప్రశ్నించేవాళ్లు దొరకట్లేదు, మన తెలుగు రాష్ట్రాలకి ఉన్న లోటు సరిగ్గా అదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ చదవడానికి ఎంత విలువుందో మహారాష్ట్రలోని దభోల్ కరెంటు ప్లాంటు కథ చూస్తే అర్థమవుతుంది. మహారాష్ట్ర విద్యుత్ బోర్డు 1993 డిసెంబర్‌లో అమెరికాకి చెందిన ఎన్రాన్ వాళ్ల కంపెనీతో పీపీఏ, అంటే కరెంటు కొనుగోలు ఒప్పందం, రాసుకుంది. పెద్ద ప్లాంటు, విదేశీ పెట్టుబడి, అందరూ సంబరపడ్డారు. అప్పుడు గిరీశ్ సంత్, ఇంకొందరు ప్రయాస్ మనుషులు కూర్చుని ఆ ఒప్పందం లెక్కలు విప్పి 1995లో ఒక విశ్లేషణ అచ్చేశారు. అసలు ముడి ఎక్కడుందంటే, కరెంటు వాడినా వాడకపోయినా ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు బోర్డు ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి, అందులో చాలా భాగం డాలర్లతో ముడిపడి ఉంది, రూపాయి పడితే బిల్లు పెరుగుతుంది, బోర్డు తక్కువ కరెంటు తీసుకుంటే అదే ఫిక్స్‌డ్ చార్జీ తక్కువ యూనిట్ల మీద పడి యూనిట్ రేటు ఇంకా పైకి పోతుంది. ప్లాంటు 1999లో మొదలైంది, 2001కల్లా బోర్డు ఇక కట్టలేనంది, ప్లాంటు ఆగింది, ఆ డిసెంబర్‌లో అమెరికాలో ఎన్రానే దివాలా తీసింది. ఈ ప్రమాదం గురించి ప్లాంటు మొదలవడానికి నాలుగేళ్ల ముందే కొంతమంది మామూలు ఇంజనీర్లు కాగితం మీద రాసి పెట్టారు.

మన దగ్గర వరస తిరగబడింది. ఛత్తీస్‌గఢ్ నుంచి 1,000 మెగావాట్ల కరెంటు కొనడానికి తెలంగాణ 2015లో ఒప్పందం చేసుకుంది, దాని మీద విచారణ కమిషన్ వేసింది 2024లో. తొమ్మిదేళ్లు! అప్పటికి కట్టాల్సిన డబ్బులు చాలావరకు కట్టేశాం. ఆంధ్రప్రదేశ్ 2021లో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకి దగ్గర యూనిట్ 2.49 రూపాయల చొప్పున 7,000 మెగావాట్ల సోలార్‌కి 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంటే, దాని మీద చర్చ మొత్తం ఈ పార్టీ ఆ పార్టీని తిట్టడంలోనే గడిచిపోయింది. ఎక్కడో రాజస్థాన్‌లో తయారయ్యే కరెంటు మన సబ్‌స్టేషన్ దాకా వచ్చేసరికి ఎంత పడుతుంది, అదే డబ్బుతో మన ఊళ్ల దగ్గరే ఫీడర్‌కొక చిన్న సోలార్ ప్లాంటు పెడితే ఎంత పడుతుంది, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి తెలుగులో నాలుగు పేజీలు రాసి ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించగలిగిన సంస్థ మనకుంటే ఆ చర్చ అలా నడిచేది కాదు. ఊరి ఫీడర్ సోలార్ అనేది గాల్లో మాట కాదు, ప్రయాస్ వాళ్లు దీని గురించి చెబుతూ వచ్చారు, మహారాష్ట్ర 2017లో అలాంటి పథకమే మొదలుపెట్టింది, రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పాముల భయంతో మోటారు దగ్గరికి పోకుండా పగలే నీళ్లు పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే చిక్కు లెక్క వ్యవసాయానిది. మన పంపుసెట్లలో చాలావాటికి ఏళ్ల తరబడి మీటర్లు లేవు, కాబట్టి సాగుకి ఎన్ని యూనిట్లు వెళ్లాయన్నది అంచనానే. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చెప్పిన పద్ధతిలో కొన్ని శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్లకి మీటర్లు పెట్టి, వాటి రీడింగు పట్టుకుని మొత్తానికి లెక్కగడతారు. పద్ధతి మంచిదే. కానీ ఆ శాంపిల్‌లో ఎన్ని మీటర్లు పనిచేస్తున్నాయి, ఏ నెల ఎన్ని రీడింగులు పక్కన పెట్టేశారు అనేది బయటి మనిషి చూడకపోతే, లైన్లలో పోయిన కరెంటు, దొంగతనంగా పోయిన కరెంటు రెండూ రైతు ఖాతాలో పడిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అప్పుడు రైతు వాడనిది కూడా వాడినట్టవుతుంది, ప్రభుత్వం సబ్సిడీ ఎక్కువ కట్టాలి, కట్టకపోతే మనకి కరెంటు పంచే కంపెనీ, అంటే డిస్కం, అప్పు చేస్తుంది, ఆ అప్పు మీద వడ్డీ తిరిగి తిరిగి మన మీదకే వస్తుంది. నా కరెంటు బిల్లులో ఎనర్జీ చార్జీ కింద ఫిక్స్‌డ్, కస్టమర్, డ్యూటీ, ఆపైన ట్రూఅప్ అని ఒక లైను, ఎప్పుడో వాడేసిన కరెంటుకి ఇప్పుడు కట్టమని. ఆ ఒక్క లైను వెనక కథ అడిగితే బిల్లు తీసేవాళ్లకీ తెలీదు, వాళ్ల తప్పూ కాదు.

సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఉంది, డిస్కంలో మంచి ఇంజనీర్లున్నారు, మళ్లీ బయట సంస్థ దేనికి అని అడిగేవాళ్లున్నారు. వాళ్లు సమర్థులే, నాకు సందేహం లేదు. కాకపోతే తన సంస్థ వేసిన లెక్క తప్పని బహిరంగ విచారణలో నిలబడి చెప్పడం ఉద్యోగికి కుదిరే పని కాదు. ఆ పనికి జీతం ఇంకెక్కడో అందుతుండాలి.

అసలు కష్టం ఆ జీతం దగ్గరే. ప్రభుత్వం ఇస్తే ప్రభుత్వాన్ని అడగలేరు, కరెంటు కంపెనీలు సీఎస్ఆర్ కింద ఇస్తే ఆ కంపెనీల పీపీఏల జోలికి పోలేరు, విదేశీ ఫౌండేషన్లు ఇస్తే విదేశీ విరాళాలు తీసుకోవడానికి కేంద్రం ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ లైసెన్సు మీద బతకాలి. ఢిల్లీలో సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ లాంటి పాత సంస్థకే 2023లో ఆ లైసెన్సు సస్పెండై 2024లో రద్దయింది. అందుకే ఇక్కడ పెట్టే సంస్థ చిన్నగా ఉన్నా పర్లేదు గానీ డబ్బు పదిమంది దగ్గర్నుంచి రావాలి, రైతు సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, చిన్న పరిశ్రమల వాళ్లు ఏడాదికింత అని వేసుకుంటే కూడా అవుతుంది, ఎవరు ఎంతిచ్చారో వెబ్‌సైట్‌లో పెట్టేయాలి.

2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద జనం రోడ్డెక్కితే బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. అప్పటికే ఏడాది ముందు, 1999లోనే కరెంటు చార్జీలు ఖరారు చేసే రెగ్యులేటరీ కమిషన్ వచ్చింది, చార్జీలు పెంచాలంటే బహిరంగ విచారణ జరగాలి, ఎవరైనా వెళ్లి అభ్యంతరం చెప్పొచ్చు. ఆ తలుపు ఈ రోజుకీ తెరిచే ఉంది. నవంబర్ ఆఖరుకల్లా డిస్కంలు వచ్చే ఏడాదికి ఎంత ఆదాయం కావాలో చూపే లెక్క, అంటే ఏఆర్ఆర్, దాఖలు చేయాలి, వందల పేజీలు, చదివి అభ్యంతరం రాసి ఇవ్వడానికి కొన్ని వారాలే టైము. ముందు అడగాల్సింది ఒకటే, సాగు లెక్కకి వాడే ఆ శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగులు నెలవారీగా, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో కాకుండా ఎక్సెల్‌లో పెట్టమని.