కంచె పక్కన ఊళ్ళున్నాయి

పోలండ్, బెలారస్ సరిహద్దులోని హైనుఫ్కా జిల్లా మీద మీ వ్యాసం చదివాను. బెలారస్ నుంచి వచ్చే వలసదారులను ఆపడానికి పోలండ్ 2022లో కట్టిన ఐదున్నర మీటర్ల ఇనుప కంచె, బియావోవియెజా అడవి, అక్కడి బైసన్లు (అడవి దున్నల్లాంటి జంతువులు), అన్నీ వివరంగా రాశారు. అక్కడి మనుషుల గురించి మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టారు. అదే నాకు బాధనిపించింది.

ఆ జిల్లాలో చాలామంది ఆర్థడాక్స్ క్రైస్తవులు. క్యాథలిక్ దేశమైన పోలండ్‌లో ఉంటూ పాత క్యాలెండర్ ప్రకారం జనవరి 7న క్రిస్మస్ చేసుకుంటారు. పెద్దవాళ్ళు ఇంట్లో మాట్లాడేది అటు పోలిష్ కాదు, ఇటు పుస్తకాల్లోని బెలారసియన్ కాదు. ఏ భాష అని అడిగితే 'పో స్వోయెము' అంటారు, అంటే 'మా తీరులో' అని. ఎంత చక్కని జవాబు!

ఇంకో ముఖ్యమైన సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో జర్మన్ సైన్యం ముందుకొస్తుంటే ఈ ఊళ్ళ జనం బండ్లు కట్టుకుని రష్యా లోపలికి వెళ్ళిపోయారు. దారిలోనే ఆకలితో, జబ్బులతో ఎంతోమంది పోయారు. కొన్నేళ్ళకు తిరిగొచ్చినవాళ్ళు బీడుపడ్డ పొలాల్లో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఇప్పుడు అదే అడవిలో వేరే దేశాల శరణార్థులు తిరుగుతున్నారు. ఈ పాత కథ చెప్పకుండా ఇప్పటి కథ ఎలా చెప్తాం?

నరెఫ్ నది దగ్గరి ట్షెష్చాంకా, సొత్సె, పుఖ్వీ ఊళ్ళ గురించి కూడా రాయాల్సింది. అక్కడి చెక్క ఇళ్ళ కిటికీ రెక్కల మీద చెక్కిన నగిషీ చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ట్షెష్చాంకాలో ఆకుపచ్చ రంగు చెక్క చర్చి ఉంది. కుర్రవాళ్ళు పట్నాలకు వెళ్ళిపోయి, చాలాచోట్ల ముసలివాళ్ళే మిగిలారు. రెండో భాగం రాస్తే దయచేసి వాళ్ళతో మాట్లాడి రాయండి.