సవరణ: సగటు విలువ ధర్మంలో ‘ఏ వృత్తం?’ అన్న ప్రశ్న

హార్మోనిక్ ప్రమేయాల (లాప్లాస్ సమీకరణాన్ని, అంటే రెండో అవకలజాల మొత్తం సున్నా కావాలన్న షరతును తీర్చేవి) గురించిన పోస్టులో ఈ వాక్యం ఉంది: “ప్రతి బిందువు దగ్గర ఏదో ఒక వృత్తంపై సగటు, ఆ బిందువు విలువకు సమానమైతే ఆ అవిచ్ఛిన్న ప్రమేయం హార్మోనిక్.” దాన్ని ఇలా చదవండి: “ప్రదేశంలో పూర్తిగా ఇమిడే ప్రతి వృత్తంపైనా సగటు, దాని కేంద్రం దగ్గరి విలువకు సమానమైతే...”

తేడా చిన్నది కాదు. సరళరేఖ మీద చూస్తే వెంటనే తెలుస్తుంది. అక్కడ వృత్తం అంటే రెండు చివరి బిందువులే, హార్మోనిక్ అంటే ax + b రూపం. sin 2πx తీసుకుని వ్యాసార్థం 1 అనుకోండి. x+1, x−1 దగ్గర విలువలు x దగ్గర ఉన్నదే కాబట్టి సగటు సరిపోతుంది. కానీ అది సరళరేఖ కాదుగా!

అయితే పాత వాక్యం అన్ని చోట్లా తప్పు కాదు. వృత్తాకార ప్రదేశంలో, అంచుతో సహా ప్రమేయం అవిచ్ఛిన్నమైతే బిందువుకు ఒక్క వృత్తం చాలు. అంచుపై అవే విలువలున్న హార్మోనిక్ ప్రమేయాన్ని మన ప్రమేయం నుంచి తీసేయండి; మిగిలినది అంచుపై సున్నా. మిగిలినదానికి లోపల ధన గరిష్ఠం M ఉందనుకుని, ఆ గరిష్ఠం వచ్చే బిందువుల్లో అంచుకు అతి దగ్గరిదాన్ని పట్టుకోండి. దాని వృత్తంపై సగటు M కావాలంటే వృత్తమంతా Mయే ఉండాలి. అప్పుడు అంచుకు ఇంకా దగ్గరి బిందువు దొరుకుతుంది, వైరుధ్యం. కనిష్ఠానికీ ఇదే వాదన.

అంచు దగ్గర అవిచ్ఛిన్నత వదిలేసి, ప్రమేయం పరిబద్ధమని (దాని విలువలు ఒక హద్దు దాటవని) మాత్రమే అంటే చాలదు. దానికి ప్రత్యుదాహరణ 1994లో గణితజ్ఞులు హాన్సెన్, నదిరాష్విలి ఇచ్చారు.